ఉప్పు బిళ్ళల మీద చందనం బొట్టు

“నాకు కుర్చీ కూడా ఇయ్యలేదవ్వా” అని మొన్న మా పక్కింటి పిల్ల నా కాడ మొర పెట్టుకునింది. కొత్తగా ఒక కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరింది. నేను నవ్వినాను. దానికి కోపం వచ్చింది. “దీంట్లో నవ్వేదానికేముంది?” అనింది. నిన్ను చూసి నవ్వలేదే తల్లీ, ఒక స్టూలు జ్ఞాపకమొచ్చి నవ్వినా. ఆ స్టూలు కథ రాస్తా ఉండా. నీ కోసమూ, నీ మాదిరి చేతిలో చాక్‌పీసు ఉండి కూర్చునే తావు లేని పిల్లలందరి కోసమూ.

ముందే చెప్పేస్తా, నేను పాఠం చెప్పినదాన్ని కాదు, పాఠం చెప్పే గది తలుపు తీసినదాన్ని. పుదుచ్చేరి టౌన్లో ఒక కాలేజీ, దాంట్లో కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్, దాంట్లో నేను అటెండరు. పొద్దన్నే బాహూరులో బస్సెక్కి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఇల్లు. నా చదువు అయిదో తరగతి కాడ ఆగిపోయింది, అదీ తమిళంలో. తెలుగు అక్షరాలు మా అవ్వ బియ్యంలో దిద్దించింది. చదువు తక్కువైతేనేం, చూసింది మర్చిపొయ్యే అలవాటు నాకు లేదు.

మా డిపార్ట్‌మెంట్లో ఎవరెంత పెద్దవాళ్ళో తెలిసేదానికి తలుపు మీద పేర్లు చదవనక్కర్లేదు. కుర్చీ వీపు మీద తువ్వాలు చూస్తే చాలు. హెడ్ సారు కుర్చీకి తెల్లటి పెద్ద తువ్వాలు, వారానికొకసారి నేనే ఉతికి ఆరేసేదాన్ని. పర్మనెంటు లెక్చరర్లకి వాళ్ళ వాళ్ళ ఇళ్ళ నుంచి తెచ్చుకున్న రంగు తువ్వాళ్ళు. స్టోరు చూసుకునే సారు లెక్చరరు కాదు, అయినా ఆయనకీ చేతిగుడ్డంత తువ్వాలొకటి ఉండేది. హెడ్ సారు లేనప్పుడు దాన్ని కుర్చీ మీద పరిచేవాడు, వస్తానే తీసి మూతి తుడుచుకునేవాడు. పార్ట్‌టైమ్ వాళ్ళకి మాత్రం లేబరేటరీలో ఉండే పొడుగు కాళ్ళ స్టూలు. స్టూలుకి వీపుండదు. వీపు లేనిదానికి తువ్వాలెట్లా వేస్తారు? కాబట్టి వాళ్ళు పెద్దవాళ్ళయ్యే దారే లేదు.

ఆ స్టూలు మీద కూర్చోను యానాం నుంచి ఒక మేడమ్ వచ్చింది. వయసులో నా కూతురంత. ఎదురుగా ఉంటే ‘మీరు’ అనేదాన్ని, ఈడ నా బిడ్డ మాదిరే రాసుకుంటా. యానాం కూడా మా పుదుచ్చేరి కిందిదే అని కాగితాల్లో ఉంటాది గానీ, ఆ పిల్లకి ఈ ఊరు వేరే దేశం మాదిరే ఉన్నింది. మొదటిరోజు వరండాలో నిలబడి, వచ్చీరాని తమిళంలో తాగే నీళ్ళు ఎక్కడ అని అడిగింది. ఆ గొంతు విన్నాక నాకు అర్థమయిపోయింది.

“తెలుగులోనే అడగండి మేడమ్. నీళ్ళు యాడుండాయో నేను చూపిస్తా.”

“ఆయ్, అమ్మయ్య! మీరు తెలుగువారాండీ?”

“తాతల కాలం నుంచి ఈడనే ఉండాం. ఇంట్లో తెలుగే.”

“‘యాడ’ అంటే ఎక్కడ అనాండీ?”

“మీరు ‘ఆయ్’ అంటే ఏందో చెప్పండి, అప్పుడు నేను చెప్తా.”

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి నేను ఆమెకి అక్కని.

ఆమె చెప్పే కోర్సు పేరు స్పెక్ట్రోస్కోపీ. ఎమ్మెస్సీ పిల్లలకి. క్లాసు అయినాక నేను బోర్డు తుడవను పోతే, దాని మీద కొండలు తలకిందులుగా వేలాడతా ఉండేవి. ఒకరోజు అడిగేసినాను.

“ఇవేంది మేడమ్? కొండల్ని ఎవరో తిరగేసి పట్టుకున్నట్టుండాయి?”

“కొండలు కావక్కా, ఆకలి. ప్రతి పదార్థానికీ ఒక రకం ఆకలుంటదండీ. మన కంటికి కనపడని వెలుతురు దాని మీద వేస్తాం. అది కొంత తినేసి కొంత వదిలేస్తది. తిన్నచోటల్లా గీత కిందికి దిగుద్ది. ఏం తిన్నదో ఏం వదిలిందో చూస్తే అదెవరో చెప్పేయొచ్చు.”

నేను రొంత ఆలోచించినా. “మా ఇంట్లోనూ అంతే మేడమ్. కంచంలో కరివేపాకు ఏరి పెట్టి ఉంటే మా ఆయన, మిరపకాయ పెట్టి ఉంటే నా కొడుకు. ఎవరు తిని లేచినారో నేను చూడబళ్ళేదు.”

“ఆయ్! అదేనక్కా స్పెక్ట్రోస్కోపీ” అనింది. మరుసటిరోజు క్లాసులో ఆ కరివేపాకే చెప్పిందంట. అప్పటి నుంచి పిల్లలు నన్ను చూస్తే “కరివేపాకు అక్కా” అని పిలిచేవాళ్ళు. నాకేం బాధ లేదు, కూరకి వాసన దాంతోనే కదా.

ఇంక మిషను సంగతి. ఆ వెలుతురు వేసే మిషను మా కాలేజీలో నిజంగానే ఉన్నింది. కొన్నప్పుడు రిబ్బను కత్తిరించినారు, ఫోటో తీసినారు, జిలేబీ పంచినారు. ఆ తర్వాత ఏసీ గదిలో పెట్టి, మెరూన్ రంగు పట్టుగుడ్డ కప్పి, తాళం వేసినారు. తాళంచెవి హెడ్ సారు జేబులో. గుళ్ళో తెర వేసినప్పుడు నిలబడినట్టు పిల్లలు అద్దం తలుపు బయట నిలబడి చూసి పొయ్యేవాళ్ళు. ‘ముట్టుకుంటే పాడవుతుంది’ అనేది ఆయన సిద్ధాంతం. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది కొత్తగానే ముసలిదయిపోతా ఉన్నింది.

మేడమ్ ఒకరోజు ధైర్యం చేసి హెడ్ సారుని అడిగింది. నేను కాఫీ ఇయ్యను పోయినప్పుడు విన్నా. కాలేజీలో మాటలన్నీ తమిళమూ ఇంగ్లీషే, నేను మన భాషలో చెప్తా ఉండా.

“మిషను చూపించకుండా ఈ కోర్సు ఎట్లా చెప్పేది సార్?”

“బోర్డు మీద గీయండి. మేమంతా అట్లాగే చదువుకున్నాం.”

“మీ రోజుల్లో మిషను ఉండేది కాదేమో సార్.”

“ఎందుకుండదు? ఉండేది. మా హెడ్డు కాడ తాళంచెవి ఉండేది.”

మేడమ్ చాక్‌పీసు తీసుకుని క్లాసుకి పోయింది.

అయితే దేవుడు మేడమ్ మొర విన్నాడు, కమిటీ రూపంలో. బయటి ఊళ్ళ నుంచి పెద్ద ప్రొఫెసర్లు వచ్చి, కాలేజీ అంతా చూసి, గ్రేడు ఇచ్చి పోతారంట. ఆ మాట వస్తానే కాలేజీకి పెళ్ళికళ వచ్చేసింది. తిరగని ఫ్యాన్లకి కూడా రంగు వేసినారు. పూలకుండీలు అద్దెకి తెచ్చినారు. కమిటీ వాళ్ళు ముందే ఒక మాట చెప్పి పంపినారంట, పిల్లలే స్వయంగా మిషను నడిపి చూపించాలని. పర్మనెంటు లెక్చరర్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాని స్విచ్ ఏ పక్కన ఉందో కూడా ఎవరికీ తెలీదు.

హెడ్ సారు మేడమ్‌ని పిలిచి, తాళంచెవిని రెండు వేళ్ళతో పట్టుకుని ఇచ్చినారు. “అంతా సరిగ్గా జరిగితే వచ్చే సెమిస్టరు కూడా ఈ కోర్సు మీదే. మిషను సామాన్లో ఏది పాడైనా...” అని ఆపి, వీపు వెనక తువ్వాలు సర్దుకున్నారు. మేడమ్‌కి అర్థమయింది, నాకూ అర్థమయింది. పార్ట్‌టైమ్ వాళ్ళని తీసేయబళ్ళేదు, మళ్ళీ పిలవకపోతే చాలు.

మేడమ్ భయపడిందా? పట్టుగుడ్డ లాగేసి మడిచి నా చేతికిచ్చింది. పిల్లలు ఒక్కొక్కరుగా మిషను కాడికి వచ్చినారు. వాళ్ళలో తేంగాయితిట్టు నుంచి వచ్చే పిల్ల ఒకతె ఉండేది. వాళ్ళమ్మ హార్బరులో చేపల వేలం పాడే మనిషి. ఆ గొంతు ఈ పిల్లకీ వచ్చింది. గుసగుసలాడినా పక్క బ్లాకులో వినపడేది. మొదటి గీత కాగితం మీద దిగినప్పుడు ఆ పిల్ల “మేడమ్! తినేసింది!” అని అరిస్తే, ఏదో నిప్పంటుకునిందని స్టోరు సారు ఇసుక బకెట్టు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చినాడు.

మిషనుకి ఒక జత బిళ్ళలుండేవి. గుండ్రంగా, గాజు మాదిరి, రూపాయి బిళ్ళ కంటే రొంత పెద్దవి. ద్రవాలు ఏవైనా చూడాలంటే ఆ రెండు బిళ్ళల మధ్య ఒక చుక్క వేసి, మిషనులో పెడతారు. విదేశం నుంచి వచ్చినవి. మూతపెట్టిన గాజు జాడీలో నీలం పూసల మీద ఉంచేవాళ్ళు. మేడమ్ నాకు చూపించి చెప్పింది.

“గాజనుకునేరక్కా. ఇది ఉప్పు.”

“మనం కూరలో వేసే ఉప్పా?”

“అదే ఉప్పండీ. ఉప్పు ఆ వెలుతురు అసలు తినదు, అందుకే దాన్ని గిన్నెగా వాడతారు. కానీ తడి తగిలిందా, అంతే సంగతులు. అందుకే ఈ పూసలు, గాల్లో తేమ లాగేసుకుంటాయి.”

ఈ ఊరి సముద్రం గాలికి పొద్దున వేయించిన అప్పడం సాయంత్రానికి గుడ్డపేలిక అయిపోతాది. అట్లాంటి ఊళ్ళో ఉప్పు బిళ్ళలకి కాపురమంటే మాటలా? మేడమ్ వాటిని పసిబిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకునేది. చేత్తో ముట్టుకునేది కాదు, చెమట తగులుతుందని రబ్బరు తొడుగులు వేసుకునేది.

అంతలో ఆయుధపూజ వచ్చింది.

ఆయుధపూజంటే మా డిపార్ట్‌మెంట్లో హెడ్ సారు పండగ. ఆ రోజు ఆయన పంచె కట్టుకుని వచ్చి, ప్రతి వస్తువుకీ తన చేత్తోనే చందనం, కుంకుమ పెట్టాలి. వేరేవాళ్ళు పెట్టకూడదు. త్రాసుకి పెడతారు, కుళాయికి పెడతారు, స్విచ్‌బోర్డుకి పెడతారు, నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరుకి పెడతారు, ఎప్పుడో ఆగిపోయిన గోడ గడియారానికి కూడా పెడతారు. ఆయన బొటనవేలు పెద్దది, బొట్టు ఒక పక్కకి వాలి ఉంటాది. దూరం నుంచి చూసినా హెడ్ సారు బొట్టే అని తెలిసిపోతాది.

మేడమ్ ఆ రోజు లేదు. పండగ రోజు క్లాసుండదు, క్లాసు లేకపోతే పార్ట్‌టైమ్ వాళ్ళు ఉండరు. ముందురోజు స్టోరు సారుకి చెప్పి పోయింది, “ఆ జాడీ మాత్రం తీయకండి సార్” అని. తీయొద్దంటే అదేదో గొప్ప వస్తువని ఆయనకి అప్పుడే తట్టింది. పూజ మొదలయ్యే ముందర బిళ్ళలు రెండింటినీ ఇత్తడి పళ్ళెంలో తమలపాకు మీద పెట్టి తెచ్చినాడు. “కమిటీ వస్తా ఉంది సార్, ఖరీదైనవి దేవుడి ముందర ఉండాల” అన్నాడు. “కరెక్ట్” అన్నారు హెడ్ సారు. చందనం గట్టిపడింటే స్టోరు సారు పన్నీరు పోసి పల్చగా కలిపిచ్చినాడు. హెడ్ సారు వేలు ముంచి, రెండు బిళ్ళలకీ నిండుగా బొట్లు పెట్టి, హారతి చూపించి, పైన రొంత నీళ్ళు చల్లినారు. లెక్చరర్లంతా చేతులు జోడించుకుని చుట్టూ నిలబడినారు. నేను ఒక మూల బొరుగులూ బెల్లమూ పొట్లాలు కడతా చూసినా. కెమిస్ట్రీలో డాక్టరేటు ఉన్న మనిషి ఉప్పుకి బొట్టు పెడతా ఉంటే, దానికేదో లెక్క ఉంటుందనే అనుకున్నా.

పండగ సెలవులయినాక మేడమ్ వచ్చి జాడీ మూత తీసింది. స్టోరు సారు బిళ్ళల్ని భద్రంగా, బొట్లతో సహా, మళ్ళీ పూసల మీదే పెట్టిండాడు. బిళ్ళలు తెల్లగా పొగబారిపోయి ఉండాయి. బొట్టున్నచోట రెండిట్లోనూ గుంటలు పడినాయి. గుంటలో పసుపచ్చగా చందనం చెక్కు కట్టుకొని ఉండాది.

మేడమ్ జాడీ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చునింది. అంతలోనే పిలుపొచ్చింది. స్టోరు సారు అప్పటికే పోయి చెప్పేసినాడు.

హెడ్ సారు గదిలో అందరూ ఉన్నారు. “చివరగా వాడింది ఎవరు?” అని అడిగినారు ఆయన.

“మేడమే సార్” అన్నాడు స్టోరు సారు.

“చూసినారా, ఇందుకే నేను తాళం వేసి పెట్టుకునింది” అన్నారు హెడ్ సారు, ఎవరితోనో అన్నట్టు. “ఎల్లుండి కమిటీ. ఎట్లో ఒకట్లా నడిపించండి మేడమ్. వాళ్ళు పోయినాక మాట్లాడుకుందాం.”

పూజ రోజు చుట్టూ నిలబడిన వాళ్ళంతా ఆ గదిలోనే ఉన్నారు. అందరూ బొరుగులు తిన్నవాళ్ళే. అయినా ఒక్కొక్కరికీ తమ తువ్వాలు మీద అప్పుడే ఏదో నూలుపోగు కనపడింది, దాన్ని పీక్కుంటా కూర్చున్నారు.

మేడమ్ బయటికి వచ్చినాక నేను చెయ్యి పట్టుకుని లేబరేటరీలోకి తీసుకుపోయి, జరిగింది జరిగినట్టు చెప్పినాను. పళ్ళెం, తమలపాకు, పన్నీరు, అన్నీ. ఏడుస్తుందేమో అనుకున్నా. ఆ పిల్ల నోరు మూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది.

“అక్కా, ప్రతి సంవత్సరం పరీక్షలో ఆయన ఇచ్చే రెండు మార్కుల ప్రశ్నేంటో తెలుసాండీ? ‘ఉప్పు బిళ్ళల మీద తడి శాంపిల్ ఎందుకు పెట్టకూడదు?’ ఎవరన్నా తప్పు రాస్తే ఎర్ర ఇంకుతో గట్టిగా కొట్టేస్తారు.”

“మరి ఆయనే ఎందుకు పెట్టినారు?”

“ఆయన లెక్కలో అది శాంపిల్ కాదక్కా, చందనం.”

“నేను పోయి చెప్తా మేడమ్. నా కళ్ళతో చూసినా. నాకేం భయం?”

“వద్దక్కా. మీరు చెప్తే మీ మీదికొస్తది. నేను చెప్తే ఫిర్యాదవుద్ది.” నవ్వు ఆగిపోయింది. బిళ్ళని వెలుతురుకి ఎత్తి చూసింది. “నన్ను పంపించేస్తే ఇంకోచోట ఇంకో స్టూలు దొరక్కపోదు. కానీ ఈ పిల్లలు ఇప్పుడిప్పుడే గీత చదవడం మొదలెట్టారండీ. మళ్ళీ గుడ్డ కప్పేస్తారు.”

పట్టుగుడ్డ ఇంకా నా బీరువాలోనే మడిచి ఉంది.

మేడమ్ చిన్న చాకు తీసుకుని ఆ పసుపచ్చ చెక్కుని జాగ్రత్తగా గీకి, చిన్న సీసాలో వేసి, మూత పెట్టింది.

“ద్రవాలు చూడలేం కానీ పొడులు చూడొచ్చక్కా. వేరే ఉప్పు పొడిలో కలిపి, ప్రెస్సులో పెట్టి నొక్కితే పల్చటి అప్పడంలా వస్తది. కమిటీ ముందు పిల్లలకి ఏదో ఒక తెలీని శాంపిల్ ఇవ్వాలి కదండీ. ఇదే ఇస్తాను.”

“అది ఏందో మీకు తెలుసు కదా?”

“నాకు తెలుసు. మీకు తెలుసు. పిల్లలకి తెలీదు. మిషనుకీ తెలీదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోనీండి.”

కమిటీ రోజు నాకు వాకిట్లో డ్యూటీ. ముగ్గు ముందర టేబులు వేసి, పన్నీరు బుడ్డి, కలకండ, చందనం గిన్నె పెట్టినారు. గిన్నె వెండిది, హెడ్ సారు ఇంటి నుంచి వచ్చింది. “చేతిలోంచి దించొద్దు, ఎవరికీ ఇయ్యొద్దు” అని నాకు గట్టి ఆర్డరు. కమిటీలో అందరికంటే పెద్దాయన, హెడ్ సారు బొటనవేలితో తీసిచ్చిన చందనం నుదుటికి పెట్టుకుని, వాసన చూసి, “మంచి చందనం” అని లోపలికి పోయినారు. ఆయనా కెమిస్ట్రీ మనిషేనంట.

రొంతసేపటికి తేంగాయితిట్టు పిల్ల లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. “అక్కా, రొంత చందనం ఇయ్యి.”

“గిన్నె ఇయ్యకూడదు.”

“అయితే గిన్నెతో నువ్వే రా.”

ఆర్డరు ప్రకారం గిన్నె నా చేతిలోనే ఉంది కాబట్టి, గిన్నెతో నేను కూడా ఏసీ గదిలోకి పోయినా. కమిటీ వాళ్ళు కుర్చీల్లో, మావాళ్ళు గోడకానుకుని, మేడమ్ ఒక పక్కన. తర్వాత పిల్లలు చెప్పినారు నాకు. పెద్దాయన గీత చూపించి ఇదేమిటని అడిగితే, “చెక్కపొడి మాదిరి ఉంది సార్” అనిందంట ఈ పిల్ల. “ఏ చెక్క?” అంటే, “సీసా మూత తీసి వాసన చూడొచ్చా?” అని అడిగిందంట. “ఈ చదువులో ముక్కు వాడకూడదు” అన్నారంట ఆయన. “అయితే పోల్చి చూడాల సార్, ఒక్క నిమిషం” అని నా కాడికి పరిగెత్తుకొచ్చింది.

గిన్నెలోంచి చిటికెడు తీసి, ఓవెన్‌లో ఆరబెట్టినారు. ఆరే లోపల స్టోరు సారు రెండుసార్లు “సార్, భోజనం రెడీ” అన్నాడు. పెద్దాయన, “చందనం ఆరనీ, ఆకలి ఆగుతుంది” అన్నారు. పొడి చేసినారు, నొక్కినారు, మిషనులో పెట్టినారు. తెర మీద మొదటి గీత పక్కన రెండో గీత నడుచుకుంటా వచ్చింది. యాడ దిగాలో ఆడ దిగింది, యాడ లేవాలో ఆడ లేచింది.

“చందనమే సార్!” అని ఆ పిల్ల వేలం గొంతుతో చెప్పింది. గోడలు అదిరినాయి. “కానీ ఈడ ఒకచోట రొంత తేడా ఉంది. ఇంకేదో కలిసింది.”

“ఏం కలిసి ఉంటుంది?”

“చందనం పెట్టిన చెయ్యి కుంకుమ పెట్టకుండా ఉంటాదా సార్?”

పెద్దాయన నవ్వినారు. “ఈ శాంపిల్ యాడిది?”

“మిషనుకి వాడే ఉప్పు బిళ్ళ మీద గీకింది సార్” అనింది మేడమ్. “చందనం తడికి బిళ్ళ గుంటపడిపోయింది.”

“ఉప్పు బిళ్ళ మీదికి చందనం ఎట్లా వచ్చింది? ఎవరు పెట్టినారు?”

“మిషను ‘ఏంది’ అని చెప్తాది సార్. ‘ఎవరు’ అని చెప్పదు.”

లెక్చరర్లు నేల చూస్తా ఉండారు. స్టోరు సారు పైకప్పు చూస్తా ఉన్నాడు. నేను వెండి గిన్నె పట్టుకుని నిలబడిపోయినా, యాడ చూడాలో తెలీలేదు. పెద్దాయన మాత్రం నిదానంగా గదంతా చూసినారు. ఏసీ మీద ఒక పక్కకి వాలిన చందనం బొట్టు. స్విచ్‌బోర్డు మీద అదే బొట్టు. మిషను నుదుటి మీద అదే. తలుపు పక్కన ఎర్ర సిలిండరు మీద అదే. గోడ గడియారం మీద అదే. అన్నీ చూసి, చివర హెడ్ సారు కుడిచేతి బొటనవేలు కాడ చూపు ఆపినారు. కమిటీ వాళ్ళకి స్వాగతం చెప్పేటప్పుడు తన చేత్తోనే తీసి ఇచ్చినారు కదా, ఇంకా పచ్చగానే ఉండాది ఆ వేలు.

హెడ్ సారు గొంతు సవరించుకున్నారు. మనిషి అన్నాక తెలివి ఉంటాది, ఆయనకి కావలసినప్పుడు వస్తాది.

“సార్, ఇది నా ప్రయోగమే. సంప్రదాయానికీ సైన్సుకీ ముడి పెట్టాలని. తడి తగిలితే ఉప్పు ఏమవుతుందో పిల్లలు పుస్తకంలో చదివితే చాలదు, కళ్ళారా చూడాలని, కావాలనే నా చేత్తో పెట్టినాను.”

స్టోరు సారు చప్పట్లు కొట్టినాడు. ఆయన్ని చూసి లెక్చరర్లూ కొట్టినారు.

“మీరే పెట్టినారా?” అన్నారు పెద్దాయన.

“నేనే సార్.”

“అయితే ఆ బిళ్ళలు పాడైనందుకు ఎవరినీ తప్పు పట్టే పని లేదు.”

“లేదు సార్. ఎవరికేం సంబంధం? నేనే.”

“బ్రహ్మాండం. దాన్ని పట్టుకునే విద్య ఈ పిల్లలకి నేర్పింది ఎవరు?”

హెడ్ సారు మేడమ్ వైపు చెయ్యి చూపించినారు. “మా మేడమ్ సార్. పార్ట్‌టైమ్.”

“ఈ ప్రయోగం ప్రతి సంవత్సరం జరగాల. మీరు బొట్టు పెట్టాల, ఈమె పిల్లలతో పట్టించాల. మా రిపోర్టులో రాస్తాను.” ఆయన లేచి, మేడమ్‌కి నమస్కారం పెట్టి, “ఇంక భోజనం పెట్టండి” అన్నారు.

రిపోర్టులో నిజంగానే రాసినారు. గ్రేడు బాగా వచ్చింది. హెడ్ సారు ఆ ‘చందనం ప్రయోగం’ గురించి వేరే కాలేజీల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చినారు. బొమ్మలు గీసి ఇచ్చేది మేడమే. మిషను తాళంచెవి గోడకి మేకు కొట్టి తగిలించినారు, తర్వాత అది హెడ్ సారు జేబుకి పోలేదు. కొత్త బిళ్ళలు చాలా రోజులకి వచ్చినాయి. వాటికెవరూ బొట్టు పెట్టలేదు. ఆయుధపూజ రోజు ఇత్తడి పళ్ళెంలో తమలపాకు మీద అంగడి నుంచి తెచ్చిన పెద్ద ఉప్పురాయి పెట్టేవాళ్ళు. హెడ్ సారు దానికి బొట్టు పెట్టేవారు, సాయంత్రానికి గుంట పడేది, పిల్లలు ఫోటోలు తీసుకునేవాళ్ళు. కొత్తగా చేరిన లెక్చరర్లు అది ఆ డిపార్ట్‌మెంటు ఆచారమేమో అనుకుని, ఉప్పురాయికి దండం పెట్టుకుని పొయ్యేవాళ్ళు.

మేడమ్‌ని ప్రతి సెమిస్టరూ పిలిచినారు. పిలవకపోతే హెడ్ సారు ప్రయోగం ఏందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కదా. అయితే పార్ట్‌టైమ్ పార్ట్‌టైమే, స్టూలు స్టూలే. కమిటీ కుర్చీ ఇమ్మని రాయలేదు, రాయనిది మేమెట్లా ఇస్తామన్నారు.

నేను రిటైరయిన రోజు స్టాఫ్‌రూమ్‌లో చిన్న సభ పెట్టినారు. హెడ్ సారు ఒక శాలువ కప్పినారు, లెక్చరర్లు ఒకటి, పిల్లలు ఒకటి. కాఫీలయినాక, పిల్లలు కప్పిన శాలువ తీసి, నాలుగు మడతలు వేసి, మేడమ్ స్టూలు కాడికి పోయినాను.

“వీపు లేదు కదక్కా” అనింది మేడమ్. “యాడ వేస్తావు?”

ఆ ‘యాడ’ విని నా గుండె నిండిపోయింది.

“కూర్చునే తావున వేస్తా. ఆయ్” అన్నాను.

హెడ్ సారు చూసినారు. తన తెల్ల తువ్వాలు రొంత సర్దుకున్నారు. స్టోరు సారు మాత్రం ఆ శాలువ పక్కకి వచ్చి, తన చేతిగుడ్డతో దానికి కొలత వేసి చూసినాడు.

ఇంతేనే తల్లీ కథ. నీకు కుర్చీ ఎప్పుడిస్తారో నాకు తెలీదు, ఇస్తారో లేదో కూడా తెలీదు. బీరువాలో నాకింకా రెండు శాలువలు ఉండాయి. రేపు క్లాసుకి పోతా పోతా వచ్చి ఒకటి తీసుకుపో.